స్లిప్పు లేని వాక్యం

"నాలుగింటికి ఆ పదం బయటికి వెళ్తుంది. అందులో ఒక వాక్యం మనది కాదు. వెళ్లకముందే ఆపాలి," అన్నాడు చీఫ్.

"ఏ పదం?"

"రన్."

ఏజెంట్ కళ్లద్దాలు తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. పవర్ లేని అద్దాలవి. మూడు నెలలుగా అతను నిఘంటువు ఆఫీసులో ప్రూఫ్‌రీడర్ వేషంలో ఉన్నాడు. ఆ ఆఫీసు వెనక సందులో ఆగిన కారులో ఇద్దరూ కూర్చున్నారు. టైమ్ రెండుంబావు.

"దానికి ఎన్ని అర్థాలో తెలుసా మామయ్యా?"

"డ్యూటీలో చీఫ్ అను."

చీఫ్ అతనికి పిల్లనిచ్చిన మామ.

నిఘంటువు ఆఫీసు రోజుకో ఇంగ్లీషు పదాన్ని అర్థాలతో, ఉదాహరణ వాక్యాలతో చందాదారుల ఫోన్లకు పంపుతుంది. చందాదారుల్లో విదేశీ ముఠా షూటర్లూ ఉన్నారు. వాళ్లకు ఆర్డర్లు ఆ వాక్యాల్లోనే వస్తున్నాయని, ఈ రోజు పదంలోనూ ఒకటుందని ముందు రోజు దొరికిన ముఠా మనిషి చెప్పాడు. ఏ వాక్యమో అతనికీ తెలియదు.

ముఠా నుంచి పారిపోయి వచ్చిన గుమాస్తాను ఆ సాయంత్రం ఐదింటికి నది దాటిస్తున్నారు. ఏ రేవులోనన్నది షూటర్లకు ఇంకా అందలేదు. గుమాస్తాను రేవుకి తీసుకెళ్లే కారు నడుపుతున్నది చీఫ్ కొడుకు.

"బామ్మర్దికి ఫోన్ చేసి వెనక్కి రమ్మనండి."

"బయలుదేరి పావుగంటైంది. రేవు దాటేదాకా ఫోన్లు ఆఫ్."

"ఈ రూల్ పెట్టిన మహానుభావుడెవరు?"

"నేనే," అన్నాడు చీఫ్.

ఏజెంట్ మూడో అంతస్తు ఎక్కాడు. ఆర్ అక్షరం చూసే సబ్ ఎడిటర్‌ను అందరూ ఆర్ మేడమ్ అంటారు. ఆమె హీల్స్ చప్పుడు వినిపిస్తే బైండింగ్ సెక్షన్‌లో పని ఆగిపోయేది. ఆ ఆఫీసులో ఏజెన్సీకి ఉన్న ఒకే ఒక్క ఇన్‌ఫార్మర్ ఆమె.

"జీ గదిలో ఫ్యాను తిరుగుతోందా?" అన్నాడు. కోడ్.

"రెండో స్పీడులో," అందామె. "ఏంటి తమ్ముడూ, చెమటలు పడుతున్నాయి?"

విషయం చెప్పాడు. ఆమె ప్రూఫుల కట్ట అతని ముందు పెట్టింది. ఎనభై నాలుగు అర్థాలు. ఒక్కోదాని కింద పర్యాయపదాలు. మొత్తం రెండు వందల పన్నెండు వాక్యాలు.

"మొదటినుంచీ చదువు. కంగారు పడితే కంటికి ఆనవు."

చదివాడు. మనిషి పరుగెత్తాడు. కుళాయి కారింది. నది పారింది. కొట్టు నడిపాడు. ఎన్నికల్లో నిలబడ్డాడు. చొక్కా రంగు వెలిసింది. నాటకం వంద రోజులు ఆడింది. ఇంగ్లీషులో అన్నిటికీ ఒకటే మాట.

"ఈ ఇంగ్లీషువాడికి మాటలు కరువొచ్చాయా మేడమ్?"

"వాడికి ఒకటి చాలు. మనకే పనికో మాట కావాలి."

ల్యాబ్ వాళ్లు ఇచ్చిన స్కానర్ పెన్ను తీశాడు. అనుమానం ఉన్న వాక్యం మీద అది వణకాలి. మొదటి పేజీలో వణకడం మొదలెట్టింది, ఇక ఆగలేదు. దాన్ని చెత్తబుట్టలోకి విసిరాడు. మూడున్నర అయింది. ఇంకా యాభై అర్థాలున్నాయి. ఆర్ మేడమ్ గోళ్లు చూసుకుంటోంది.

అప్పుడు మార్జిన్‌లో నంబర్లు కనబడ్డాయి. ఆ ఆఫీసులో ఎవరూ సొంతంగా వాక్యం అల్లకూడదు. పేపర్లోనో, నోటీసు బోర్డు మీదో, ఎవరి నోటనో దొరికిన వాక్యమే వేయాలి. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది రాసిన స్లిప్పు అదే నంబరుతో సొరుగులో ఉండాలి.

సొరుగు లాగి లెక్కపెట్టాడు. రెండు వందల పదకొండు.

నంబర్లు ఒక్కొక్కటీ సరిచూసేసరికి మూడూ నలభై ఎనిమిది. స్లిప్పు లేనిది ముప్ఫై ఏడో అర్థం కింద మూడో వాక్యం: తూర్పు రేవు పడవ ఐదు దాటాక కూడా నడుస్తుంది.

తలుపు గడియ పడింది.

"కంగారు పడొద్దన్నానా తమ్ముడూ?" అంది ఆర్ మేడమ్. చేతిలో పిస్తోలు.

ఏజెంట్ సొరుగు ఎత్తి ఆమె మణికట్టు మీదికి విసిరాడు. గుండు సీలింగ్‌లోకి పోయింది. పిస్తోలు నేల మీద పడింది. ప్రూఫులు కట్టే దారంతో ఆమెను కుర్చీకి కట్టి, పై అంతస్తుకు పరుగెత్తాడు.

పేజీని ఆపే కీ ప్రధాన సంపాదకుడి మెడలో ఉంటుంది. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. ఆయన బత్తాయి తొనలు వలుస్తున్నాడు.

"సార్, రన్ పేజీ ఆపాలి. ఇప్పుడే."

"సంతకం అయిపోయిందయ్యా."

ఏజెంట్ ఐడీ కార్డు చూపించాడు. పెద్దాయన రెండు వైపులా తిప్పి చూశాడు.

"ఇందులో డిపార్ట్‌మెంటు పేరు లేదే?"

"మా డిపార్ట్‌మెంటుకి పేరుండదు సార్."

"మరి దీన్ని నేనేం చేసుకోను?"

ఏజెంట్ పిస్తోలు తీశాడు.

"అది టేబుల్ మీద పెట్టకు, నూనె మరకలవుతాయి."

"సార్, అక్కడ మనుషులు చచ్చిపోతారు. కారులో మా బామ్మర్ది ఉన్నాడు."

"అయ్యో పాపం. కానీ సంతకమైన పేజీ ఆపాలంటే ఎడిటోరియల్ కారణం ఉండాలి. బామ్మర్ది ఎడిటోరియల్ కారణం కాదు కదా బాబూ."

మూడూ యాభై తొమ్మిది. ఏజెంట్ కుర్చీలో కూలబడ్డాడు.

"ముప్ఫై ఏడో అర్థం, మూడో వాక్యం. దానికి స్లిప్పు లేదు సార్."

పెద్దాయన లేచి నిలబడ్డాడు. తొన చేతిలోంచి జారింది. మెడలోంచి కీ తీసి మెషిన్‌లో దూర్చి తిప్పాడు. తెర మీద పేజీ చెరిగిపోయాక గోడ గడియారం నాలుగు కొట్టింది.

ఆర్ మేడమ్‌ను కిందికి దింపుతుంటే ఏజెంట్ అడిగాడు.

"దొంగ స్లిప్పు ఒకటి రాసి పెడితే నాకు దొరికేది కాదు. ఎందుకు రాయలేదు?"

"తొమ్మిదేళ్లు పనిచేశాను తమ్ముడూ ఇక్కడ," అందామె. "రాయబోయాను. చెయ్యి రాలేదు."

ఐదున్నరకి, పెద్దాయన గదిలో ఉండగా ఏజెంట్ ఫోన్ మోగింది.

"వాడు రేవు దాటాడు," అన్నాడు చీఫ్. ఆయన గొంతు ఒక్క క్షణం మామగారి గొంతులా ఉంది. తర్వాత మళ్లీ చీఫ్ అయ్యాడు. "ముఠా ఇంకెవర్నయినా అక్కడ పెట్టి ఉండొచ్చు. వచ్చేవారం ఎస్ మొదలవుతుందట కదా. అది అయ్యేదాకా అక్కడే ఉండు."

ఏజెంట్ ఫోన్ చేత్తో మూసి పెద్దాయన వైపు తిరిగాడు.

"సార్, ఎస్ ఎన్నాళ్లు పడుతుంది?"

"ఆర్‌కి తొమ్మిదేళ్లు పట్టింది," అన్నాడు పెద్దాయన. "ఎస్ కాస్త పెద్దది."