గాలోడి బావి

రాయచెర్లు దాటి తిరుమణి దారి పట్టినాక, సోలార్ పలకల నడుమ ఒక ఎండిపోయిన బావి ఉండాది. దాని పేరు గాలోడి బావి. పొద్దు మునిగినాక ఆ పక్కకి పోవద్దప్పా అంటారు. పోయినోళ్లకి ఈల ఇనపడతాదంట. గట్టు మీద టోపీ పెట్టుకున్న మనిషి నిలబడి ఉంటాడంట... ఎద మీద ఏందో తళుక్కుమంటాదంట. ప్లాంటులో పనిచేసే లైన్‌మ్యాన్ ఒకాయన అది చూసి, జరం పట్టి మంచం దిగలేదు.

ఆ పేరు యాడనించి వచ్చిందో చెప్తే నవ్వొస్తాది మీకు. ఏడుపూ వస్తాది.

ఈ ఊళ్లో మేకలు మేపే చిన్నరంగప్పకి ఒక అన్న ఉండె, పెద్దరంగప్ప అని. ఎయిర్‌ఫోర్సులో చేరినాడు. "నీ కొడుకు ఏం పని చేస్తాడమ్మా?" అని ఎవరన్నా అడిగితే, వాళ్లమ్మకి ఆ మాట నోరు తిరగక "గాలి పటాలంలో ఉండాడు" అనేది. అంతే! ఊరు ఊరంతా ఆయన్ని గాలోడు అనేసింది. లీవులో వచ్చినప్పుడు తమ చేని బావి గట్టు మీద కూచోని, మేకల్ని ఈలేసి పిలిచేవాడు. కిందనించి పైకి లేచి, చివర్లో టక్కున తెగిపోయే ఈల. అట్ల అది గాలోడి బావి అయింది.

తర్వాత అస్సాం పక్క యాడనో లారీ బోల్తా పడి పోయినాడు పాపం. పెట్టె మూసి తెచ్చినారు. తమ్ముణ్ని మొగం కూడా చూడనీలేదు. కొన్నేండ్లకి ఆ చేను సోలారుకి పోయింది. కొత్తగా పనికొచ్చినోళ్లు గాలి అంటే సోకే గాలి అనుకున్నారు. మనిషి పేరు కాస్తా దయ్యం పేరైపోయింది.

చిన్నరంగప్పకి మిగిలింది అన్న ఎద మీద పెట్టుకునే స్క్వాడ్రన్ బిళ్ల ఒక్కటే. ఇత్తడి గద్ద, దాని కాళ్లలో ఒక మెరుపు తీగ. ఆ గద్దకి తోడు కావాలని పాత టోపీలు, గుండీలు, గుడ్డ మీద కుట్టిన స్క్వాడ్రన్ గుర్తులు తెచ్చుకునేది మొదలుపెట్టినాడు. పాత సామాన్లు అమ్మే బెంగళూరు గుజరీ అంగళ్లు తిరిగినాడు. రిటైరైనోళ్ల ఇండ్లకి పోయి అడుక్కున్నాడు. "మేకల్ని మేపేది మానేసి గద్దల్ని మేపుతాండాడు మా ఆయన" అని పెండ్లాం తిప్పమ్మ ఎగతాళి చేసేది.

నవ్వనోడు ఒక్కడే, తిప్పమ్మ తమ్ముడు గిరీశ్. అద్దాల బీరువా దగ్గరుండి చేయించింది వాడే. ఏ గుర్తు ఏ స్క్వాడ్రన్‌దో కూచోని అడిగేది వాడే. వాడికి ప్లాంటులో సెక్యూరిటీ పని ఇప్పిచ్చింది చిన్నరంగప్ప. బైకు మీదనించి పడి ముందర పళ్లు రాలగొట్టుకుంటే, ఆసుపత్రిలో వాడి పక్కన కింద పండుకున్నదీ చిన్నరంగప్పే. బామ్మర్ది అనుకోలేదు, కొడుకు అనుకున్నాడు.

ఒక దినం తెల్లారి చూస్తే... బీరువాలో గద్ద లేదు. దాంతోపాటు ఒక టోపీ పోయింది. తాళం మాత్రం ఏసింది ఏసినట్లే ఉండాది.

గిరీశ్ దగ్గరికొచ్చి చెవిలో గుసగుసలాడినాడు. "గట్టిగా అనొద్దు బావా... బావి కాడ మీ అన్నని నేను కండ్లారా చూసినా. ఎద మీద గద్ద ఉండాది. ఆయప్పది ఆయప్పే తీసుకపోయినాడు. నువ్వు మాత్రం ఆ పక్కకి రావద్దు."

ఇంకొకడైతే తాయెత్తు కట్టిచ్చుకుండును. చిన్నరంగప్పకి పోయిన ప్రాణం లేచొచ్చింది. అన్న వచ్చినాడు! ఆ పొద్దు చూడనీయని మొగం ఇప్పుడు చూడొచ్చు!

ఆ రాత్రే తిప్పమ్మకి చెప్పకుండా బయల్దేరినాడు. కంచె ఒక చోట కోసి ఉంటే దూరినాడు. పగలంతా గుయ్యిమనే ప్లాంటు మిషన్లు రాత్రి నోరు మూసుకుంటాయి. పలకల సందులో తన చెప్పుల సప్పుడే తనకి ఇనపడతాంది.

అప్పుడు... ఈల.

కిందనించి పైకి లేచింది. టక్కున తెగింది.

చిన్నరంగప్ప ఈల వచ్చిన పక్కకే తిరిగినాడు. నాలుగడుగులు ఏసినాడు — గట్టు కాడ టోపీ. ఎద మీద తళుకు.

"అన్నా..."

ఆ మనిషి కదల్లేదు.

"నేనన్నా, చిన్నోణ్ని. బిళ్ల తీసుకపోతే పోయినావులే, నీది నీకే. ఒక్కసారి మొగం చూపీ అన్నా!" అని ఏడుస్తా పోయి కాళ్లు పట్టుకున్నాడు.

దయ్యాల కాళ్లు ఎనక్కి తిరిగుంటాయి అంటారు కదా. ఈ కాళ్లు ముందరికే ఉండాయి. బూట్లు ఏసుకోని ఉండాయి. ఉగాదికి తాను కొనిచ్చిన బూట్లు.

ఫోను లైటు ఏసినాడు. గిరీశ్! ఎనకాల గోనెసంచి, దాని నిండా కోసిన రాగి కేబులు.

"బావా... అక్కకి చెప్పొద్దు బావా..."

"నా ఇంట్లో దొంగతనం చేస్తివి, సరే. కాపలా పెట్టిన చోటే కన్నమేస్తివి, అదీ సరే. నా అన్నని దయ్యం చేస్తివి గదరా! తిన్నింటి వాసాలు లెక్కబెట్టేదంటే ఇదేరా!" వాడి భుజాలు పట్టుకోని ఊపినాడు. "నువ్వు నిజంగా దయ్యమైనా బాగుండేది కదరా, గిరీ..."

వాడి చొక్కా మీదనించి గద్దని ఊడబెరికినాడు. గుప్పిట్లో పెట్టుకోని తిరిగి పోబోతా, ఆగినాడు.

"అన్నీ చేసినావు. ఆ ఈల ఎందుకేసినావురా? అది మా అన్న ఈల. యాడ నేర్చినావు?"

గిరీశ్ నోరు తెరిచినాడు. లైటు వెలుతుర్లో ముందర పళ్లు లేని సందు కనపడింది.

"నేనెట్ల ఏసేది బావా? పళ్లు పోయినకాడినించి నా నోట్లో గాలే గదా వచ్చేది... నువ్వే ఏసినావనుకుంటి."

ఇద్దరూ బావి పక్కకి తిరిగినారు.

అప్పుడు బావిలోనించి... కిందనించి పైకి లేస్తా...

గిరీశ్ సంచి పారేసి పలకల్లో పడి ఉరికినాడు. చిన్నరంగప్ప కదల్లేదు. తన ఏడుపంతా ఒక దొంగ కాళ్ల మీద పోసినాడు. అన్న ఎనకే ఉండి అదంతా చూసినాడన్నమాట. సిగ్గుతో తల ఎత్తకుండానే గుప్పిట తెరిచి, గద్దని బావి పక్కకి చాపినాడు.

ఈసారి ఈల తెగలేదు.

తెల్లారి ఇల్లు చేరితే, తిప్పమ్మ గడపలోనే నిలబడి ఉండాది.

"యాడ పోయినావు? బిళ్ల దొరికిందా?"

"దొరికింది."

"ఏదీ మల్ల?"

"ఎద మీద పెట్టుకోని పోయినాడు."

"ఎవరు, మా గిరీశా?"

"కాదు" అన్నాడు చిన్నరంగప్ప.