దేముడమ్మ ముట్టనన్న కాలు

సన్యాసమ్మ పురుడు పోసుకుని ఆ రోజుకు పది రోజులు. తల్లి లేని పిల్ల కావడంతో చోడవరంలో అత్తవారింట్లోనే పురుడు జరిగింది. పొద్దున్నే అత్త అప్పలనరసమ్మ నువ్వులనూనె వెచ్చజేసి, దేముడమ్మకు కబురు పెట్టింది. బాలింతలకు ఒళ్ళు పట్టడంలో దేముడమ్మకు చుట్టుపక్కల మంచి పేరు. నెలలు నిండినప్పుడు సన్యాసమ్మ నడుంనొప్పి తగ్గించింది కూడా ఆమే.

"నడుం పరవాలేదు పిన్నీ. నిన్నటి నుంచి ఎడం పిక్క పీకేస్తంది" అంది సన్యాసమ్మ.

దేముడమ్మ నడుం పట్టింది, భుజాలు పట్టింది. ఎడమ పిక్క మీద చెయ్యి వేసి ఆగిపోయింది. వాచి, గట్టిపడి, కాలిపోతోంది. కుడి పిక్క తాకి చూసింది. అది మామూలుగానే ఉంది. ఆమె చేతులు తుడుచుకుని లేచి నిలబడింది.

"ఈ కాలు నేను ముట్టను వదినా. మీ కోడలు గుంటని నడిపించొద్దు. అనకాపల్లి ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

"పిక్క పట్టేస్తే ఆస్పత్రేటి! నువ్వు పట్టకపోతే నేనే పడతాను" అంటూ అప్పలనరసమ్మ కోడలి కాళ్ళ దగ్గర కూర్చుంది.

దేముడమ్మ ఆమె చేతులు రెండూ ఒడిసి పట్టుకుంది. "వద్దు! నొక్కితే సచ్చిపోద్ది."

సన్యాసమ్మ పక్కలోని బిడ్డను దగ్గరికి లాక్కుంది. ఆమె భర్త పరదేశి పెరట్లోంచి పరుగున వచ్చాడు.

"పురిటింట్లో ఆ మాటేటే! నీకెలా తెలుసు?" అరిచింది అప్పలనరసమ్మ.

"అప్పుడు మీ కనకం కాలూ ఇలాగే ఉంది."

కనకం అప్పలనరసమ్మ కూతురు. పన్నెండేళ్ళ క్రితం ఈ ఇంట్లోనే బాలింతగా పోయింది.

"ఆవేళ నువ్వు నీళ్ళు కాసడానికెళ్ళేవు. నొప్పి తగ్గుద్దని నేను గట్టిగా నొక్కేను. ఎగూపిరి తీసింది. అంతే. గాలి సోకిందన్నారందరూ. నేనూ ఊఁ అన్నాను. తరవాతెప్పుడో ఓ డాక్టరమ్మ సెప్పింది, నరంలో రగతం గడ్డకడితే అలా వాస్తదంట. నొక్కితే ఆ గడ్డ పైకి, గుండెకి పోద్దంట."

అప్పలనరసమ్మ చెయ్యి విదిలించుకుని ఆమె చెంప పగలగొట్టింది. దేముడమ్మ కదల్లేదు.

"నన్ను తరవాత సంపేద్దువు గాని. ముందు గుంట సంగతి సూడు."

అనకాపల్లి పోతున్న బెల్లం లారీని పరదేశి ఆపాడు. సన్యాసమ్మను మంచంతో సహా ఎక్కించారు. లారీ గతుకుల్లో పడ్డప్పుడల్లా అప్పలనరసమ్మ కోడలి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది.

"దీన్ని ఎవరైనా రుద్దారా?" ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగిన మాట అదే.

"లేదు బాబూ" అంది అప్పలనరసమ్మ.

కాలు ఎత్తున పెట్టించి సూదిమందులు మొదలుపెట్టారు. మూడో వారానికి వాపు తీసింది. గండం గడిచిందన్నారు. ఆ రోజే దేముడమ్మ వచ్చి, లోపలికి రాకుండా వరండాలో నిలబడింది. అప్పలనరసమ్మే బయటికి వచ్చింది.

"ఆవేళ ఆకలన్నాదని పత్తెం తప్పించి పెరుగన్నం పెట్టేను. అదే నా కూతుర్ని సంపేసిందనుకున్నాను. పన్నెండేళ్ళు ఎవరికీ సెప్పుకోలేకపోయేను. నువ్వెందుకు సెప్పలేదే?"

"బయమేసింది వదినా."

అప్పలనరసమ్మ మళ్ళీ అడిగింది. "ఆకర్న కనకం ఏటైనా అన్నాదా?"

"అమ్మేదీ అని అడిగింది."

అప్పలనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తూలింది. పట్టుకోబోయిన దేముడమ్మ, తనను తాకనిస్తుందో లేదో తెలియక ఆగిపోయింది. అప్పలనరసమ్మే ఆ చెయ్యి అందుకుని, ఆమె భుజం మీద తల వాల్చి, వార్డులో వాళ్ళంతా తిరిగి చూసేలా గొల్లుమంది.