లేవని గీత

బుధవారం ఉదయం 9:10. గుండెజబ్బుల ల్యాబ్ ఫ్రీజర్‌లో ఉండాల్సిన పన్నెండు రక్తపు ట్యూబులు లేవని పోలీస్ స్టేషన్‌కు ఫోన్ వచ్చింది.

తాళంచెవులు ముగ్గురి దగ్గరున్నాయి. డాక్టరు, టెక్నీషియన్, అటెండరు తాత. తాత మీదే అనుమానమన్న డాక్టరు మాట నమ్మి, ల్యాబ్‌కు వచ్చిన ఇన్‌స్పెక్టర్ మొదట తాతనే నిలబెట్టాడు. పదకొండున్నరకీ తాత నిలబడే ఉన్నాడు.

“ట్యూబులేం చేశావ్?”

“మా ఇంట్లో దోమలు తాగే రక్తమే చాలు బాబూ. ఊళ్లోవాళ్లది నాకెందుకు?”

డాక్టరు నవ్వలేదు. “ఛాతీనొప్పి మొదలైన గంటలోపు తీసిన రక్తమది. గుండె దెబ్బతినగానే కొన్ని చిన్న ఆర్ఎన్ఏలు రక్తంలోకి వస్తాయి. ప్రొటీన్ తయారుచేయవు, జన్యువుల నోరు నొక్కుతాయి. వాటిని లెక్కపెడితే జబ్బును ముందే పట్టొచ్చు. ఆ గంట మళ్లీ రాదు. ఈయన్ని ఇవాళే పనిలోంచి తీసేస్తున్నా.”

టెక్నీషియన్ గ్లౌజు వేళ్లు లాగి వదులుతోంది.

“ఫ్రీజర్‌లో ఎప్పుడు పెట్టావమ్మా?” ఇన్‌స్పెక్టర్ ఆమెను అడిగాడు.

“నిన్న సాయంత్రం 5:20కి. రిజిస్టర్‌లో రాశాను కదండీ.”

ఇన్‌స్పెక్టర్ ఫ్రీజర్ టెంపరేచర్ చార్ట్ తెప్పించాడు.

“తలుపు తీస్తే ఏమవుతుంది?”

“గీత పైకి లేస్తుంది,” అన్నాడు డాక్టరు.

“ఇవాళ పొద్దున మీరు తీసిన 8:55కి లేచింది. నిన్న నాలుగు నుంచి అప్పటిదాకా లేవలేదు. దొంగ తలుపు తీయలేదు. 5:20కి కూడా ఎవరూ తీయలేదు.”

గ్లౌజు చిరిగింది.

“ముందు రాసేసి తర్వాత పెడతామండీ. రోజూ అంతే. రాయగానే మా అమ్మ ఫోన్ చేసింది, పాపకి ఫిట్సని. ట్యూబులు బల్ల మీదే వదిలి పరిగెత్తాను. రెండు గంటల్లో ప్లాస్మా, అంటే రక్తంలోని పసుపు ద్రవం, వేరుచేసి ఫ్రీజర్‌లో పెట్టాలి. పొద్దున వచ్చేసరికి ఎర్రకణాలు పగిలిపోయాయి. వాటి ఆర్ఎన్ఏ అంతా కలిసిపోయాక లెక్క తప్పే వస్తుంది. చెత్తలో పడేశాను.”

“తాతని నిలబెడితే చూస్తూ ఊరుకున్నావా?”

ఆమె తాత వైపు తిరిగింది. “నీకు తెలుసా తాతా?”

“ఆ చెత్త సంచీ మూతి కట్టింది నేనేగా తల్లీ. పాపకెలా ఉంది?”

ఆమె చిరిగిన గ్లౌజు తీసేసింది.

ఇన్‌స్పెక్టర్ లేచి తన కుర్చీ తాత వైపు జరిపాడు.

12:05కి చెత్తగదిలో పసుపు సంచీ విప్పారు. మిగతా సంచులకు ఒక్కో ముడి ఉంది. దీనికి రెండున్నాయి. లోపల పన్నెండు ట్యూబులు దొరికాయి. పైకి తేరిన ప్లాస్మా పసుపు రంగులో ఉండాలి. పన్నెండింటిలోనూ ఎర్రగా ఉంది.