ఎగరని పావురాలు

మంగళవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకు కువైట్‌లోని సబా అల్ సలేంలో ఒక మేడ మీద ఒక పావురం హత్యకు గురైంది.

హత్య అనడం ఎక్కువేమీ కాదు. గురి చూసి, ఊపిరి బిగబట్టి, పని తెలిసినవాడు కొట్టిన దెబ్బ అది. మెతుకులు ఏరుకుంటున్న పావురం ఉన్నచోటనే పక్కకు ఒరిగింది. విచిత్రం అది కాదు. చుట్టూ ఉన్న నలభై పావురాల్లో ఒక్కటి కూడా ఎగరలేదు. ఏమీ జరగనట్టు తింటూనే ఉన్నాయి.

చూసిన మనిషి ఒక్కతే. ఆ ఇంట్లో పనిచేసే అంకాలమ్మ. రాయచోటి దగ్గరి పల్లె ఆమెది. మిగిలిన అన్నం పావురాలకు వేసి, బట్టలు ఆరేస్తూ చూసింది. పాపం అనుకుని, చచ్చినదాన్ని కాగితంలో చుట్టి చెత్త డబ్బాలో వేసింది. ఇది చెప్పుకోదగ్గ సంగతని ఆమెకు తోచలేదు. తెలియాల్సిన మనిషి నంబరు ఆమె ఫోన్‌లో ఉంది గానీ, అక్కడ అతని పేరు పక్కన ‘ఏసీ’ అని మాత్రమే ఉంది.

ఇఖామా, అంటే అక్కడి నివాస కార్డు, ప్రకారం అతని పేరు నరసింహులు, వృత్తి ఏసీ మెకానిక్. అసలు పేరు సూర్యకిరణ్, వృత్తి ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకు తెలుసు. గూఢచారి అనగానే మీరు నల్ల కళ్లద్దాలూ, దూసుకుపోయే కారూ ఊహించుకుంటారు. ఇతనికి ఉన్నది సొట్టలు పడ్డ తెల్ల వ్యాను, గ్యాస్ సిలిండరు, రెంచీల సంచి. కువైట్‌లో ఏ ఇంటి తలుపైనా తెరిపించాలంటే పిస్టల్ కంటే సెప్టెంబరు ఎండలో ఏసీ మెకానిక్ యూనిఫాం బాగా పనిచేస్తుంది.

అతనిది అమలాపురం. ఈ ఉద్యోగం కోసం ఆరు నెలలు కూర్చుని సీమ యాస నేర్చుకున్నాడు. తొమ్మిదేళ్లుగా అదే మాట్లాడుతున్నాడు, ఇప్పుడు కలలో కూడా అదే వస్తోంది. సొంత పేరుతో అతన్ని ఎవరూ పిలవక తొమ్మిదేళ్లయింది. ఒక్కోసారి వ్యాన్ అద్దాలు ఎక్కించుకుని ఆ పేరు తనే పైకి అనుకునేవాడు. అది ఎవరో తెలియని మనిషి పేరులా వినిపించేది. దిగులుగా ఉండేది. ఆ దిగులు చెప్పుకోవడానికి కూడా సొంత పేరు కావాలి గనుక ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ సాయంత్రం అతను షువైఖ్‌లో ఒక టైర్ల కొట్టు ముందు ఆగాడు.

"పద్నాలుగు ఇంచీల టైరు ఉండాదా?"

"పాతది ఒగటుంది. గాలి నిలవదు."

కోడ్ కలిసింది. కొట్టు యజమాని అబ్దుల్ ఖుద్దూస్ షట్టరు సగం దించాడు. కడప మనిషి. బయటికి టైర్ల వ్యాపారి, లోపల స్టేషన్ చీఫ్. ఆయన కూడా అతన్ని నరసింహులనే పిలుస్తాడు. రూలంటే రూలే.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. ఒక విదేశీ ముఠా ఉంది, కోడ్‌నేమ్ హుద్‌హుద్. విశాఖను ఊడ్చిపెట్టిన తుఫాను పేరే. ఆ ముఠా రహస్య సరుకుల షిప్పింగ్ కాగితాలు పదేళ్లు చూసిన మనిషి నాగేంద్రప్రసాద్. అరవై దగ్గరి వయసు, పిల్లాపాపా లేరు. చేసిన పని ఏమిటో ఆలస్యంగా తెలిసి, సాక్ష్యం చెబుతానని మన వాళ్ల దగ్గరికి వచ్చాడు. సబా అల్ సలేంలో ఒక సేఫ్ హౌస్‌లో దాచారు. గురువారం సాయంత్రం ఢిల్లీ విమానం. అప్పటిదాకా అతను బతికి ఉండాలి.

ఖుద్దూస్ ఒక టైరు మీద గుడ్డ పరిచి మూడు నల్లటి గొట్టాలు పెట్టాడు. మోడరేటర్లు. ఎయిర్ రైఫిల్ మూతికి బిగిస్తే మోత తగ్గుతుంది. హుద్‌హుద్ మనిషి ఒకడు ఎయిర్ రైఫిల్‌తో దిగాడు. గుండు చిన్నదే, దాని కొనకు విషం. మోడరేటర్లు మూడు రకాలు తెప్పించుకున్నాడు. ఇవి వాటికి జతలు.

"ఏది బిగిస్తాడో తెలిస్తే, యాడ నిలబడి కొడతాడో తెలుస్తుంది. నీ చెవికి చెప్పు, నరసింహులూ."

కంప్రెసర్ ఏ బేరింగ్ దగ్గర మూలుగుతోందో రోడ్డు మీద నుంచే చెప్పగల చెవి అది. వెనక గోడౌన్‌లో అట్టపెట్టెను గురిగా పెట్టారు. డెసిబెల్ మీటరు టైరు మీద కూర్చుంది. మొదటిది బెత్తెడు పొడవు, అల్యూమినియం. దాంతో కొడితే తలుపు విసిరి వేసిన చప్పుడు. ట్రాఫిక్ మధ్యలో తప్ప పనికిరాదు. రెండోది కొంచెం పొడవు. గాలి తుస్సుమంది, పక్క గదిలోకి వినిపించదు గానీ మేడ మీద పిట్టకు వినిపిస్తుంది. మూడోది జానెడుకు పైనే, లావు. ట్రిగ్గర్ నొక్కితే రైఫిల్ దగ్గర ఏమీ వినిపించలేదు. అవతల అట్టపెట్టె మాత్రం ‘టక్’ మంది.

సూర్యకిరణ్ మరోసారి కొట్టి చూశాడు. మళ్లీ అంతే. కొట్టినవాడి జాడ లేదు, దెబ్బ తిన్నదే పలికింది. ఇది ఉంటే పక్క మేడ మీద నుంచి పట్టపగలే కొట్టొచ్చు. చంపేవాడు మెట్లు దిగి టీ తాగేదాకా ఎవరూ తల ఎత్తరు.

మూడింటిలో ఏది వాడతాడో చెప్పగలిగిన మనిషి ఒకరే ఉన్నారు, ఫింటాస్‌లో. బేబి.

బుధవారం ఉదయం ఫింటాస్ బ్యూటీ పార్లర్‌లో ఏసీ ‘పాడైంది’. రాజోలు నుంచి వచ్చిన బేబికి ముప్పై అయిదేళ్లుంటాయి. పట్టు చీర కట్టినా, గౌను వేసినా వీధి వీధంతా ఒక్క క్షణం నడక మరిచిపోతుంది. హుద్‌హుద్ వాళ్లకు ఇళ్లు అద్దెకు ఇప్పిస్తుంది, ఆ కబురు ఖుద్దూస్‌కు చేరవేస్తుంది. ఇద్దరి దగ్గరా జీతం.

నిచ్చెన పట్టుకుని కింద నిలబడి ఆమె మెల్లగా చెప్పింది. "మూడోది కస్టమ్స్‌లో ఉండిపోయిందండీ. మొదటిదాంతోనే కానిచ్చేత్తారంట. రేపు, ఎయిర్‌పోర్టు రోడ్డులో. ఒట్టండీ, ఆయ్."

ఆ ‘ఆయ్’ దగ్గర అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. చిన్నప్పుడు వీధి అరుగు మీద విన్న మాట అది. ఇంకా మాట్లాడితే బాగుండుననిపించింది. అవసరం లేకపోయినా మరో పది నిమిషాలు ఫిల్టరు తుడిచాడు. ఆమె చెప్పినది నిజమా అని తనను తాను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అది అడగలేదు. తొమ్మిదేళ్లలో అతను చేసిన మొదటి తప్పు అదే.

రిపోర్టు వెళ్లింది. సేఫ్ హౌస్ దగ్గరున్న ముగ్గురు గార్డుల్లో ఇద్దరిని ఎయిర్‌పోర్టు రోడ్డు పరిశీలనకు పంపేశాడు ఖుద్దూస్.

మూడున్నరకు అంకాలమ్మ ఫోన్ చేసింది. వంటపని అయ్యి, మామా అని పిలిచే ఇంటి యజమానురాలు పడుకున్నాక దొరికే అరగంట ఆమెది. ఎప్పటిలాగే మేడ మీద తన గది ఏసీ గురించి మొదలుపెట్టింది. గడగడమని ఒకటే మోత, రెండు వేసవుల నుంచి వస్తానంటావు, రావు. అతను ఊఁ కొడుతూ ఎక్స్‌ప్రెస్ వే మీద వ్యాన్ నడుపుతున్నాడు. నెలకు రెండుసార్లు ఆమె చేసే ఈ ఫిర్యాదు తప్ప అతని ఫోన్‌కు ఊరికే వచ్చే కాల్స్ లేవు. అందుకే ఏసీ బాగుచేయలేదేమో అని అతనికే అనుమానం.

"ఇంగోటి అన్నా. నేను మెతుకులేసే పావురాళ్లను ఎవరో చంపుతాండారు. ఆదివారం ఠప్పుమని ఇనపడ్య, అన్నీ లేసిపాయ. ఎదురింటి గేటుకాడ గార్డు గూడా తలెత్తి చూసినాడు. సోమవారం తుస్సుమన్య, సగం లేసిపాయ. నిన్న ఏమీ ఇనపల్యా. ఒగటి పడిపాయ, మిగతావి ఎగరల్యా."

ఆ ఎదురిల్లే సేఫ్ హౌస్. వ్యాన్ పక్క లేన్‌లోకి తూలింది. వెనక హారన్లు మోగాయి.

ఒకటి, రెండు, మూడు. అతను గోడౌన్‌లో మీటరు పెట్టి పోల్చిన మూడింటినీ హుద్‌హుద్ మనిషి పావురాలతో పోల్చుకున్నాడు. పావురాలు లేస్తే గార్డు తలెత్తుతాడు. లేవనిదే కావాలి. మూడోది కస్టమ్స్‌లో లేదు. నిన్నటి నుంచి అంకాలమ్మ మేడకు కనుచూపు దూరంలోనే ఉంది. బేబి అబద్ధం చెప్పింది.

ఎదురింట్లో ముసలాయన ఎవరైనా మేడ మీదికి వస్తాడా అని అడిగాడు. నాలుగింటికి వస్తాడంది అంకాలమ్మ. ఖుబ్జు రొట్టె ముక్కలు పావురాలకు వేస్తాడు, వాటితోనే ఏదో మాట్లాడుకుంటాడు, పాపం ఒంటరి మనిషిలా ఉన్నాడు.

టైము మూడూ నలభై. నాగేంద్రప్రసాద్ దగ్గర ఫోన్ ఉండకూడదని రూలు. గేటు దగ్గరి గార్డు వైర్‌లెస్ పలకడం లేదు. ఖుద్దూస్‌కు ఒక్క మాట చెప్పి యాక్సిలరేటర్ తొక్కాడు.

మూడూ యాభై ఎనిమిదికి, ఏసీ మెకానిక్‌ను చూసి మామా తలుపు తీసింది, ఇప్పటికైనా వచ్చావా అన్నట్టు చూసింది. అతను మూడంతస్తుల మెట్లూ ఒక్క ఊపులో ఎక్కాడు. ఎదురు మేడ మీద నాగేంద్రప్రసాద్ బనియనుతో, ఖుబ్జు సంచితో నిలబడి ఉన్నాడు. చుట్టూ పావురాలు. అవతలి మూడో ఇంటి మీద శాటిలైట్ డిష్ వెనక నల్లగా ఒక గొట్టం. జానెడుకు పైనే, లావు.

పేరు పెట్టి అరిస్తే ముసలాయన ఎవరా అని నిటారుగా నిలబడి చూస్తాడు. పరిగెత్తితే చేరలేడు. నిశ్శబ్దం మీద బతికేవాణ్ని దెబ్బకొట్టడానికి చేతిలో ఉన్నది ఒక్కటే. పక్కన ఖాళీ ఇనుప నీళ్ల ట్యాంకు ఉంది. అతను పెద్ద రెంచీ ఎత్తి బలంకొద్దీ బాదాడు.

వీధి దద్దరిల్లింది. మళ్లీ బాదాడు. తొమ్మిదేళ్లు అడుగుల చప్పుడు కూడా దాచుకున్న మనిషి చేతులు నొప్పెట్టేలా బాదాడు. గొంతులోంచి తనకే తెలియని కేక వచ్చింది. అంకాలమ్మ ఎందుకని అడగలేదు. అన్న కొడుతున్నాడంటే కొట్టాలి కాబోలనుకుని, తపేలా మూత తీసుకుని గోడకేసి వాయించింది.

నూరు పావురాలు ఒక్కసారి లేచాయి. నాగేంద్రప్రసాద్ మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. అతని తల ఉన్న చోట వెనక గోడ ‘టక్’ మంది.

గార్డు తలెత్తాడు, గొట్టం చూశాడు. ఆ తరువాత అయిదు నిమిషాలూ ఖుద్దూస్ మనుషులవి. డిష్ వెనక ఉన్నవాడు మెట్ల మీదే దొరికాడు. సందు చివర ఇంజన్ ఆపకుండా ఉన్న కారులో బేబి దొరికింది. లిప్‌స్టిక్ చెదరలేదు.

ఆమె సూర్యకిరణ్‌ను చూసి, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. "నా మాట నమ్మేత్తారని నేనే అనుకోలేదండీ. ఎందుకు నమ్మేరు?"

వినేంత దగ్గరలో ఎవరూ లేరు. అతను తొమ్మిదేళ్ల తరువాత సొంత యాసలో మాట్లాడాడు. "మాది అమలాపురమండీ."

అరక్షణం బేబి కళ్లు కిందికి దిగాయి. అది నటనో కాదో అతను తేల్చుకోలేకపోయాడు.

ఖుద్దూస్ ఆర్డరు చెప్పాడు. కవర్ పోయింది, నరసింహులు ఖలాస్. గురువారం నాగేంద్రప్రసాద్‌తో పాటు అదే విమానం, ఢిల్లీలో కొత్త పేరు, కొత్త దేశం. సూర్యకిరణ్ ఒక్క గంట అడిగాడు. ఎందుకని ఖుద్దూస్ అడిగితే, ఒక కంప్లయింటు పెండింగ్‌లో ఉందన్నాడు.

గురువారం ఉదయం అంకాలమ్మ గది ఏసీ విప్పాడు. ఫ్యాను బిగించాడు, రబ్బరు బుషులు మార్చాడు, రేకుకు స్పాంజి అతికించాడు. స్విచ్ వేస్తే చల్లగాలి తప్ప చప్పుడన్నది లేదు. మూడో మోడరేటర్ కూడా సిగ్గుపడేంత పనితనం. అతను గర్వంగా చూశాడు.

అంకాలమ్మ మంచం మీద కూర్చుని కాసేపు విన్నది. ఆమె మొహంలో సంతోషం లేదు. చెప్పలేక చెప్పింది.

"బాగుండాది అన్నా. కానీ... ఆ మోత ఉంటే గదిలో ఎవురో ఉండారనిపిస్తా ఉన్య. ఇప్పుడు ఒక్కదాన్నే అయిపోయినట్టుండాది."

అతని గదిలో కూడా పాత ఏసీ మోగుతూనే ఉంటుంది. బాగుచేయడం వచ్చి కూడా ఎందుకు చేయలేదో ఇప్పుడు తెలిసింది. నిచ్చెన ఎక్కి ఒక బుషు తీసేశాడు, రెండు స్క్రూలు వదులు చేశాడు. గడగడమని మోత మొదలైంది. అంకాలమ్మ నవ్వింది. మళ్లీ పాడైతే ఫోన్ చేస్తానంది. అతను సరేనన్నాడు. ఆ సిమ్ మధ్యాహ్నానికి ముక్కలవుతుందని చెప్పడానికి నోరు రాలేదు.

విమానంలో నాగేంద్రప్రసాద్ ఖాళీ ఖుబ్జు సంచి మడిచి పట్టుకుని నిద్రపోతున్నాడు. సూర్యకిరణ్ మోడరేటర్ల మీద ఆఫీసు అడిగిన తులనాత్మక నివేదిక పూర్తిచేశాడు. పొడవులు, డెసిబెల్స్, దూరాలు అన్నీ వేశాక, అభిప్రాయం అన్న గడిలో ఇలా రాశాడు: మూడింటిలోనూ మూడవది అత్యంత నిశ్శబ్దం. మనుషులు నివసించే చోట వాడటానికి పనికిరాదు.