ఎర్రటోపీ ఒప్పుకోవాలి

బేరంలో ముందు నోరు తెరిచినవాడిదే నష్టం. పాత గేమ్ కన్సోళ్ళు, లాప్‌టాప్‌లు కొని అమ్మే నా దుకాణం ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తోంది. ఆ వానపూట మాత్రం సూత్రం నా మీదికే తిరగబడింది.

తడుస్తూ వచ్చిన అమ్మాయి రెయిన్‌కోటు లోపలి నుంచి ఒక కన్సోల్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది తీసుకుని, ఆ అద్దాల బీరువాలో ఉన్న గేమింగ్ లాప్‌టాప్ ఇవ్వండి. దీనికీ దానికీ సరి."

సరి ఎక్కడ? రెండింటికీ పొంతనే లేదు. నేను మాట్లాడలేదు. తనూ మాట్లాడలేదు. తన కనురెప్ప మీద ఒక వాన చుక్క జారకుండా ఆగి ఉంది. అది జారేలోపే నేను ఓడిపోయాను.

"సరేనండి."

"అంత తేలిగ్గానా? షావుకారు గారికి ఒంట్లో బాగానే ఉందా?"

"ఒక్క షరతు. పాత సరుకు ఏదైనా పొద్దున్నుంచి దుకాణం కట్టేదాకా నా ముందు నడవాలి. వేడెక్కి ఆగిపోతే బేరం లేదు."

తన నవ్వు మాయమైంది. "చీకటి పడేలోపు ఆపేస్తే చాలదా?"

"ఏం, చీకటి పడితే ఏమవుతుంది?"

"ఏమీ కాదు," అని నంబర్ ఇచ్చి వెళ్ళిపోయింది.

మర్నాడు కన్సోల్ బుద్ధిగానే నడిచింది. అందులో ఉన్నది ఇద్దరు కలిసి ఆడే ఆట. నీలంటోపీ బొమ్మ ఒకటి, ఎర్రటోపీ బొమ్మ ఒకటి. గుహలో ఇద్దరూ చెరో రాయి ఎక్కితేనే తలుపు తెరుచుకుంటుంది.

వెలుతురు తగ్గి, వాన మొదలైంది. దుకాణంలో ఉన్నట్టుండి చలి పెరిగింది. ఎర్రటోపీ కదిలింది.

దాన్ని నడపాల్సిన కంట్రోలర్ నా ముందే ఉంది. అందులో బ్యాటరీలు లేవు. దాని మీటలు మాత్రం ఒక్కొక్కటే లోపలికి దిగి పైకి లేస్తున్నాయి, కనపడని బొటనవేళ్ళు నొక్కుతున్నట్టు.

ఎర్రటోపీ గుహ గుమ్మం దాకా వెళ్ళి, నా వైపు తిరిగి నిలబడింది. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు.

ధైర్యం కూడగట్టుకుని రెండో కంట్రోలర్‌తో నీలంటోపీని నడిపాను. దారిలో బంగారు నాణేలు కనపడ్డాయి. కనపడ్డ నాణేన్ని వదలడం నా రక్తంలో లేదు. వాటి వైపు పరిగెత్తగానే ఎర్రటోపీ వెనకనుంచి వచ్చి నన్ను బావిలోకి తోసింది. లేచి మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ తోసింది.

మనసులో లెక్క వేసుకున్నాను. ఇది కొన్నవాడు మర్నాడే తిరిగి తెస్తాడు. తిరిగొచ్చిన సరుకు దుకాణం పేరు కూడా తుడిచిపెడుతుంది. వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

తను వస్తూనే తెర చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మా అన్నయ్య," అంది మెల్లగా. "పోయిన ఏడాది బండి మీద వస్తూ... పోయాడు. రోజూ ఈ వేళకి ఇద్దరం ఆడేవాళ్ళం. నేను ఇల్లు చేరేదాకా అలాగే గుమ్మంలో నిలబడేవాడు."

"ఇంట్లో కూడా ఇంతేనా?"

"చీకటి పడితే అలమరలోంచి మీటల చప్పుడు. అమ్మ భయపడి వదిలించుకోమంది. నాకేమో గేమ్ కంపెనీలో బొమ్మలు గీసే ఉద్యోగం వచ్చింది. సొంత లాప్‌టాప్ ఉంటేనే చేర్చుకుంటారట, సోమవారమే చేరాలి. ఉద్యోగం కావాలంటే అన్నయ్యని ఎవరికో అమ్ముకోవాలి. మీరు వ్యాపారం తెలిసినవాళ్ళు కదా, ఏది తీసుకోమంటారు?"

"లాప్‌టాప్ తీసుకెళ్ళండి. ఇది ఇక్కడే ఉంటుంది, ఎవరికీ అమ్మను. రోజూ ఆఫీసు అయ్యాక వచ్చి ఆడుకోండి."

"అందులో మీకేంటి లాభం?"

"మీరు రోజూ వస్తారు కదండీ."

తన చెవులు ఎర్రబడ్డాయి.

"అది నన్ను కాదు, అన్నయ్యని అడగాలి."

"అడిగినట్టేనండి. రెండుసార్లు బావిలో పడ్డాను."

కన్నీళ్ళ మధ్యే పకపకా నవ్వింది. "నాణేల కోసం వెళ్ళుంటారు! పక్కవాళ్ళని వదిలేసి నాణేలకి పరిగెత్తే మనుషులంటే అన్నయ్యకి ఒళ్ళు మంట. ఈసారి తిన్నగా వెళ్ళి రాయి ఎక్కండి."

వెళ్ళాను. నాణేలు పక్కనే తళుక్కుమన్నాయి. వేళ్ళు జివ్వున లాగాయి. చూడనట్టే దాటి, రాయి ఎక్కి నిలబడ్డాను.

ఎర్రటోపీ వచ్చింది. నా చుట్టూ నెమ్మదిగా తిరిగింది, కొనేవాడు సరుకుని అటూ ఇటూ తిప్పి చూసినట్టు. చివరికి అది రెండో రాయి ఎక్కింది. తలుపు తెరుచుకుంది.

అప్పుడా బొమ్మ టోపీ తీసింది. తెరలోంచి, నా పక్కకి వచ్చి నిలబడ్డ తనని చూసి తల ఊపింది.

"దానికి టోపీ తీసే కదలికే లేదు," అంది తను గుసగుసగా. "టోపీ తలకే అతికించి గీశారు. నేనూ బొమ్మలు గీసేదాన్నే, నాకు తెలుసు."

తన చెయ్యి నా చేతిని పట్టుకుంది, వెచ్చగా. బొమ్మ గుహ చీకట్లోకి నడిచిపోయింది. బల్ల మీద మీటలు ఆగాయి.

"మళ్ళీ వస్తాడంటారా?" అన్నాను.

"రేపు చూద్దాం. అమ్మని కూడా తీసుకొస్తాను."

"పెద్దావిడ భయపడతారేమోనండీ."

"పడితే పడనీ. అన్నయ్య ఒప్పుకున్నాడుగా, ఇక మిగిలింది ఆవిడే," అంది, లాప్‌టాప్‌ని రెయిన్‌కోటు లోపలికి సర్దుకుంటూ.