చొక్కా కుడి చెయ్యి

తెల్లవారకముందు నుంచీ పుష్పమ్మ ఇల్లు హడావిడిగా ఉంది. పది గంటలకు ఇటిక్యాల చర్చిలో కూతురు వసంత పెళ్లి. కూతుర్ని పాస్టరు ముందుకు నడిపించాల్సింది తండ్రే. అందుకే ఆమె భర్త దేవదాసు కోసం కుట్టించిన తెల్లచొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది.

దేవదాసు ఎడమచేత్తో చొక్కా ఎత్తాడు. మొహం మాడిపోయింది. చొక్కా కుడి చెయ్యిని మోచేతి పైన కత్తిరించి, మూసి కుట్టేసి ఉంది.

"ఏందే ఇది?"

"ఉత్త చెయ్యి వేలాడితే అందరూ దాన్నే చూస్తరని రాత్రి నేనే కుట్టిన."

"పుణెల కాంక్రీటు మిషిను నా చెయ్యి ఒకపారి కోసింది. నువ్వు ఇంకోపారి కోసినవ్. నేను రాను. బిడ్డను తమ్ముడు సామ్యూల్ తోలుకపోతడు."

పుష్పమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఎనిమిది నెల్ల సంది గుండీలు పెట్టింది నేను, పంచె కట్టింది నేను! ఒక్కనాడన్న విసుక్కున్ననా?"

"ఒక్కనాడన్న నన్ను ఏసుకోనిచ్చినవా? పసిపోరణ్ణా నేను?"

పెళ్లిచీరలో ఉన్న వసంత గడపలోకొచ్చింది. "నాయిన రాకుంటే నేను కదల. చిన్నాయనతోని పోను," అంది, ఏడుపు ఆపుకుంటూ.

పుష్పమ్మ కూలబడింది. ఆయన తంటాలు చూడలేకే అన్నీ తను చేస్తున్నానని చెప్పుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ. ఎంత అబద్ధం! నలుగురి చూపులకు భయపడింది తనే.

"నాకే సిగ్గయిందయ్యా," అంది వెక్కుతూ. "నీకు గాదు, నాకు."

ఆమె గుడ్డపేలికల మూటలోంచి కత్తిరించిన ముక్క వెతికి, సూది అందుకుంది.

"అతుకు కనవడుతది మరి."

"కనవడనీ."

కుట్టడం అయ్యాక ఆయన ముందు కుడివైపు తొడుక్కున్నాడు, తర్వాత ఎడమ చెయ్యి దూర్చాడు. మొదటి గుండీ రెండుసార్లు జారిపోయింది. పుష్పమ్మ చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. ఆయన తలెత్తి చూశాడు. ఆమె చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

బయట జీపు హారన్ మోగింది. "ఏందొదినా, ఇంకా ఎంతసేపు? పాస్టరయ్య ఎదురుచూస్తుండు!" సామ్యూల్ కేకేశాడు.

పుష్పమ్మ కళ్లు తుడుచుకుని వాకిట్లోకొచ్చి, వీధంతా వినబడేలా అరిచింది.

"జర ఆగు సామ్యూలూ! మీ అన్న చొక్కా ఏసుకుంటుండు!"