చెక్క చీల

మంగళవారం పొద్దున్నే అరబా పొగబట్టీ మీద చేపల్ని తిరగేస్తోంది. పొగకి కళ్ళు మండుతున్నా ముఖం మాత్రం నిమ్మళంగా ఉంది. ఎందుకుండదు? మంగళవారం సముద్రానికి విశ్రాంతి. ఎకుంఫి తీరంలో ఆ రోజు ఒక్క పడవ కూడా నీళ్ళలో దిగదు. దిగితే జాలర్ల పెద్ద పిలిపించి నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాడు. మగాళ్ళంతా ఇసుకలో కాళ్ళు చాపుకుని, వలలు బాగుచేసుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ కూర్చుంటారు. అంటే మొగుడు కళ్ళెదుటే ఉంటాడు. మిగిలిన రోజులన్నీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికే అరబా, ఈ ఒక్క రోజే గుండెల నిండా గాలి పీల్చుకునేది.

ఆ కాస్త గాలి కూడా పీల్చుకోనివ్వకుండా చేసింది కూతురు.

ఎకువా ఇంజనీరింగు చదివి తకొరాడి పట్నంలో పడవలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తోంది. సెలవు పెట్టి వచ్చిన పిల్ల రెండు రోజులు కడుపునిండా తిని పడుకుంటుందని తల్లి ఆశపడింది. ఆ పిల్ల గోనెసంచిలో ఇనుప సామాను మోసుకొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ తండ్రి పడవ వెనకభాగంలో దాన్ని బిగిస్తూ ఎండలో మాడిపోతోంది.

"అమ్మా, లోపలి గది తాళంచెవి ఇవ్వు. ఇవాళ ఇంజను బిగించేస్తే రేపు పొద్దున్న నాన్న ఓ చుట్టు తిప్పుకొస్తాడు."

అరబా చేతిలో చేప బట్టీలో పడింది.

"ఏ ఇంజను?"

"మనకున్నది ఒకటేగా అమ్మా."

ఒకటే. చేపలమ్మిన డబ్బుతో అరబాయే కొన్న ఇంజను. కొడుకు ఎబో పోయినప్పటి నుంచి లోపలి గదిలో దుప్పటి కప్పుకుని పడి ఉంది. పైన గోడకి ఎబో తెడ్డు వేలాడుతోంది. దాని మీది దుమ్ము కూడా ఎవర్నీ తుడవనివ్వదు అరబా.

ఎబో కూడా ఆమెలాగే మంగళవారం పుట్టాడు. సముద్రం విశ్రాంతి తీసుకునే రోజున పుట్టినవాణ్ణి సముద్రం ఏం చేస్తుందిలే అని మురిసిపోయింది పిచ్చితల్లి. ఒడ్డుకి కాస్త దూరంలో, కెరటాలు విరిగే చోట, నీళ్ళ కింద ఇసుకమేట ఉంది. పడవ దాని మీదికి వచ్చే క్షణంలో ఇంజన్ని పైకి ఎత్తాలి. ఎత్తకపోతే ఇంజను కింద తిరిగే పంకా ఇసుకలో దిగబడిపోతుంది, పడవ అడ్డం తిరుగుతుంది, వెనక వచ్చే కెరటం బోర్లా కొట్టేస్తుంది. ఎబో రెండు చేతులతో ఇంజను ఎత్తుతూ ఎత్తుతూనే పోయాడు.

ఆ రోజు ఒడ్డున నిలబడి గుడ్డ ఊపింది అరబా. ఆ తీరంలో ఆడది గుడ్డ ఊపిందంటే, బేరగాళ్ళు వచ్చేశారు, త్వరగా రమ్మని. అది అందరూ చేసేదే, ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. కానీ ఆమె మళ్ళీ ఎప్పుడూ గుడ్డ ఊపలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఆ గది తెరవను," అంది.

"ఒక్కసారి నేను చెప్పేది విను." ఎకువా జేబులోంచి వేలెడంత ఇనుప చీల తీసి చూపించింది. "నేను బిగించిన పీట తలుపు రెక్కలా పైకి లేస్తుంది. ఈ చీల ఉన్నంతసేపూ ఇంజను కిందే ఉంటుంది. మేట దగ్గరికి రాగానే నాన్న తాడు లాగుతాడు, చీల ఊడొస్తుంది, స్ప్రింగు ఇంజన్ని పైకి లేపేస్తుంది. అన్నయ్యలా చేతుల్తో ఎత్తక్కర్లేదు."

"వాడి పేరెత్తకు."

"వాడి కోసమే చేశానమ్మా దీన్ని!"

వల పక్కన పడేసి, ఎకువా తండ్రి క్వామెనా లేచి వచ్చాడు. తక్కువ మాటల మనిషి.

"అరబా, చేపలు దూరం జరిగిపోయాయి. తెడ్డేసుకుంటూ ఎంత దూరమని పోను? నా భుజాలు చూశావా? పిల్ల ఇంత కష్టపడి చేస్తే ఒక్కసారి చూద్దాం."

"చూడండి! తండ్రీకూతుళ్ళు కలిసి చూడండి! నేనొక్కదాన్నే ఒడ్డున కూర్చుని చూస్తాను, నాకు అలవాటేగా!" తాళంచెవి విసిరికొట్టి ఆమె బట్టీ వైపు తిరిగిపోయింది. చేపలు మాడుతున్నాయి. మాడనీ అనుకుంది.

పీట బిగించేసరికే పొద్దుపోయింది, ఇంజను తెల్లారి పెడదామన్నారు తండ్రీకూతుళ్ళు. సాయంత్రం ఎకువా స్నానానికి వెళ్ళినప్పుడు చీల బల్ల మీద కనిపించింది. అరబా సొంత ఇంట్లో దొంగలా అటూ ఇటూ చూసింది. చీల తీసి, పులుస్తున్న మొక్కజొన్న పిండి కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుక్కి నొక్కేసింది. ఇది లేకపోతే పడవ కదలదు. పడవ కదలకపోతే మొగుడు బతుకుతాడు. అంతకు మించి ఆలోచించే ఓపిక ఆమె భయానికి లేదు.

తెల్లవారింది. ఇల్లంతా తిరగేసింది ఎకువా.

"అమ్మా, ఇక్కడే పెట్టాను. చూశావా?"

"నాకేం తెలుసు? నీ ఇనుప ముక్కలకి నేను కాపలానా?"

పిల్ల ముఖం వాడిపోయింది. కూడలిలో ఉన్న కమ్మరి దగ్గర ఇంకోటి చేయించుకొస్తానని పరుగెత్తింది. క్వామెనా మాత్రం కంగారు పడలేదు. కాసేపు వంటింటి గుమ్మంలో నిలబడి పిండి కుండ వైపు, పెళ్ళాం వైపు చూశాడు.

"సరేలే. నువ్వు నీళ్ళకి వెళ్ళు, కుళాయి దగ్గర లైను పెరిగిపోతుంది," అన్నాడు.

గండం గడిచిందనుకుంది అరబా. కుళాయి దగ్గర ఆడవాళ్ళతో రెండు మాటలు మాట్లాడింది కూడా. తలమీద నీళ్ళతో తిరిగి వచ్చేసరికి లోపలి గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. దుప్పటి నేల మీద ఉంది. ఇంజను లేదు. వంటింట్లో ఆమె ముద్ద కలిపే కర్ర సగానికి కోసి ఉంది, చుట్టూ చెక్క పొట్టు.

నీళ్ళ బకెట్టు ఎక్కడ పడిందో ఆమెకే తెలియదు.

ఒడ్డున వదినగారు ఎసి తీరిగ్గా కొబ్బరిముక్క నములుతూ కూర్చుని ఉంది. "ఏంటే ఆ పరుగు? నా తమ్ముడు ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకుని ఎప్పుడో పోయాడు. నీ వంటకర్ర ముక్కతో చీల చెక్కి కొట్టాడే! ఇక ఇవాళ ముద్ద దేంతో కలుపుతావో ఏమో," అని పకపకా నవ్వింది.

అప్పుడే ఎకువా రొప్పుకుంటూ వచ్చింది. చేతిలో కొత్త చీల ఉంది. అత్త మాట విని ఆ పిల్ల నవ్వలేదు. ఇసుకలో చతికిలబడిపోయింది.

"చెక్కదా? నాన్న చెక్క చీల కొట్టాడా?"

"ఏమైందే?" అరబా కూతురి భుజం పట్టి కుదిపింది.

"చెక్క నీళ్ళలో నానితే ఉబ్బుతుందమ్మా. రంధ్రంలో బిగుసుకుపోతుంది. ఇక తాడు లాగితే రాదు. మేట దగ్గర ఇంజను పైకి లేవదు. అన్నయ్యప్పుడు ఎలా ఉందో అలాగే." పిల్ల చేతిలోని కొత్త చీల వైపు చూసుకుంది. "ఆ చీల ఎక్కడ పోగొట్టానో, నా మతిమరుపు తగలెయ్యా, నాన్నని నేనే…"

"నువ్వు కాదు," అంది అరబా. "పిండి కుండలో ఉంది. నేనే పెట్టాను."

ఎకువా తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"నువ్వా? నా పని మీద నమ్మకం లేకపోతే చెప్పొచ్చుగా!"

"చెప్పాను! ఎవరు విన్నారు?"

"అన్నయ్య పోయింది నీకొక్కదానికేనా? నాకు కాదా? ఆ పీట గీస్తూ ఎన్నిసార్లు ఏడ్చానో నీకు తెలుసా? నీ భయం నీకు ముఖ్యం, అంతేగా!"

"అవునే, భయమే!" అరబా గుండె బాదుకుంది. "ఆ రోజు గుడ్డ ఊపి వాణ్ణి రమ్మన్నది నేను! వాడు కాస్త ఆగి, కెరటం చూసుకుని వచ్చేవాడు. అమ్మ పిలుస్తోందని తొందరపడ్డాడు. బేరం పోతుందని పిలిచానే తల్లీ, చేపల బేరం కోసం!"

ఎసి నమలడం ఆపేసింది.

అంతలో దూరంగా ఇంజను చప్పుడు వినిపించింది. పడవ తిరిగి వస్తోంది. వెనకభాగంలో నిలబడ్డ క్వామెనా ఎర్ర చొక్కా కనిపిస్తోంది.

"వద్దు! రావద్దు! అక్కడే ఉండు!" అరబా నీళ్ళలోకి పరుగెత్తింది. కెరటాల హోరులో ఆ కేక ఆమెకే వినిపించలేదు. నడుముకి చుట్టుకున్న పైగుడ్డ లాగి, తల మీదుగా పిచ్చిదానిలా ఊపింది. వెనక్కి పో, వెనక్కి పో.

"ఓసి నీ అమ్మ కడుపు కాలా, గుడ్డ దించవే!" ఎసి గావుకేక పెట్టింది. "రమ్మంటున్నావనుకుంటాడు!"

అరబా చెయ్యి గాలిలో ఆగిపోయింది. గుడ్డ వైపు చూసింది. మళ్ళీ అదే పని చేసింది. అదే ఒడ్డు, అదే చెయ్యి. అక్కడ క్వామెనా చెయ్యెత్తి ఊపి, పడవ ముక్కుని తిన్నగా ఒడ్డుకి తిప్పాడు.

పడవ కెరటం ఎక్కింది. క్వామెనా తాడు లాగాడు. ఏమీ కదల్లేదు. మళ్ళీ లాగాడు. ఈసారి కాలు తన్నిపెట్టి లాగాడు. తాడు వదిలేసి ఇంజను మీదికి వంగి రెండు చేతులూ వేశాడు, అచ్చం కొడుకులాగే. ఎకువా తల్లి భుజాన్ని పట్టుకున్న చోట గోళ్ళు దిగబడ్డాయి. అరబా కళ్ళు మూసుకోవాలనుకుంది, రెప్పలు పడలేదు.

పంకా మేటని కొట్టింది.

ఫట్‌మని చప్పుడైంది. పడవ అడ్డం తిరగలేదు. ఇంజను ఉన్నపళంగా పైకి ఎగిరింది. పంకా గాలిలో గిర్రున తిరుగుతూ కీచుమని అరిచింది. వెనకనుంచి వచ్చిన కెరటం పడవని తిన్నగా ఎత్తి, ఇసుక మీదికి తోసేసింది. క్వామెనా ఇంజను దెబ్బకి వెనక్కి పడి, భుజం పట్టుకుని, నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతున్నాడు. తిడుతున్నాడంటే బతికే ఉన్నాడు.

అరబా వెళ్ళి మొగుడి చొక్కా పట్టుకుని గుంజింది, కొట్టింది, అదే చొక్కాలో ముఖం దాచుకుని ఏడ్చింది.

"చీల నేనే దాచానయ్యా. నిన్ను చంపుకునేదాన్ని."

"తెలుసులే."

"తెలుసా?"

"పిండి కుండ చుట్టూ నీ చేతి పిండే కదే. అడిగితే ఏడుస్తావని కర్ర కోసుకున్నా." నొప్పికి మూలిగి, "నువ్వు గుడ్డ ఊపుతుంటే, అమ్మయ్య, దీని కోపం పోయింది అనుకున్నా," అన్నాడు.

ఆ మాటతో ఆమె ఏడుపు ఇంకా పెద్దదైంది. ఎకువా ఆ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని పీట తడుముతోంది. రంధ్రంలో చెక్క చీల సగం అలాగే ఇరుక్కుని ఉంది, మిగతా సగం విరిగి సముద్రంలో పోయింది.

"నాన్నా, తాడు రాలేదుగా?"

"చచ్చినా రాలేదు."

"ఇనుప చీలే ఉండి, తాడు ఎక్కడైనా చిక్కుకుని ఉంటే?" ఆ పిల్ల తనలో తనే మాట్లాడుకుంటోంది. "విరిగేది కాదు. ఇంజను దిగబడిపోయేది. అంతా మనిషి చేతి మీదే వదిలేశాను. సమయానికి చెయ్యి అందాలి. అన్నయ్యకి అందనిదే అది. ఇంత చిన్న సంగతి నాకు తోచలేదు." అమ్మానాన్నల మధ్యలో తల పెట్టి తను కూడా ఏడ్చేసింది. "నీ భయాన్ని వెక్కిరించాను గానీ, నేను కూడా కాస్త భయపడి ఉండాల్సిందమ్మా."

తల్లి ఆ తలని గుండెలకి అదుముకుంది. "గుడ్డ సంగతి మీకెప్పుడో చెప్పాల్సింది," అంది.

"ఆ రోజు ఇంకో నలుగురు కూడా ఊపారే అరబా," అన్నాడు క్వామెనా మెల్లగా. "మన వాడు అందరికన్నా ముందు రావాలని చూశాడు. వాడి తీరే అంత. నువ్వు పిలవకపోయినా వచ్చేవాడు."

అది నిజమో, తన కోసం అన్న మాటో ఆమెకి తెలియలేదు. కానీ ఇన్నాళ్ళకి ఒకరు అన్నారు.

మళ్ళీ మంగళవారం వచ్చింది. క్వామెనా భుజానికి కట్టు ఉంది, నోటికి మాత్రం లేదు. పీట చూడటానికి వచ్చిన జాలర్లందరికీ ఆ కథ కాస్త పెంచి మరీ చెబుతున్నాడు. ఎకువా వాకిట్లో రంపం పట్టుకుని, చీలలకి ఏ చెక్క బాగుంటుందా అని ముక్కలు విరిచి చూస్తోంది. తాడు ఉంటుంది, చెక్క చీల కూడా ఉంటుంది. చీల ఉబ్బినా వదులుగా ఉండేలా ఈసారి రంధ్రం పెద్దది చేసింది. చెయ్యి అందితే తాడు చీలని ఊడదీస్తుంది, అందకపోతే చీల తనంతట తనే విరుగుతుంది.

అరబా లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో ఎబో తెడ్డు ఉంది, దుమ్ము తుడిచి ఉంది.

ఎకువా చేతిలో రంపం ఆగిపోయింది. "అమ్మా, వద్దు. ఇది అన్నయ్యది."

"ఎన్ని చీలలొస్తాయి?"

"అమ్మా…"

"అడిగినదానికి చెప్పవే."

ఎకువా ముక్కు ఎగబీల్చి, తెడ్డు పొడవునా చెయ్యి పోనిచ్చి చూసింది. "సన్నగా చెక్కితే, తీరంలో ఇంజనున్న ప్రతి పడవకీ ఒకటొస్తుంది."

"అయితే కొయ్యి. ఊరికే గోడకి వేలాడి ఏం చేస్తాడు? వీళ్ళతో పాటు పోయి రానీ."

మర్నాడు తెల్లవారగానే పడవ నీళ్ళలో దిగింది. అరబాకి భయం వేసింది, ఎప్పటిలాగే. ఎండెక్కేదాకా ఆ ఇసుకలోనే నిలబడింది. ఎసి కొబ్బరిముక్క పెడితే తినలేదు. ఎర్ర చొక్కా కనిపించింది. పడవ మేటకి అవతల ఆగి, ఒడ్డు వైపు చూస్తోంది.

అరబా ముందు కెరటాలు చూసింది. పెద్దదాన్ని పోనిచ్చింది. ఆ వెనకదాన్ని కూడా పోనిచ్చింది. నీళ్ళు కాస్త చదునుగా అయ్యాక, నడుముకి చుట్టుకున్న గుడ్డ తీసి, రెండు చేతులా పైకెత్తి ఊపింది. రమ్మని.